ట్రాఫిక్ వెనక సందులో పచ్చజెండా

నా తర్వాత పశువుల ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ సునీత మొన్న పొద్దున్నే ఫోన్ చేసింది. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు కాబట్టి గొంతులో ఉత్సాహం ఉంది.

"సర్, ట్రాఫిక్ క్వార్టర్ల వెనక సందులో ఒక ఇంటి గేటుకు పచ్చజెండా కట్టారు. స్టూలు మీద కూర్చున్న ఒక ముసలాయన నా స్కూటీ ఆపి మరీ దాన్ని చూపించాడు. 'సూసినారు గదా, ఇంక ఎల్లండి' అన్నాడు. ఏ పార్టీదండీ అది?"

ట్రాఫిక్ అంటే మా రైల్వే క్వార్టర్ల పేట. మన ఊళ్లో జెండా కనబడితే ముందు పార్టీ గుర్తుకు రావడంలో ఆ అమ్మాయి తప్పేమీ లేదు.

"పార్టీది కాదమ్మా. ఇప్పుడు వెళ్లకు. సాయంత్రం వెళ్లు. సరంజామా అంతా పట్టుకుని వెళ్లు."

"సాయంత్రమే ఎందుకు?"

"ఆ సంగతి ఫోన్లో తెమలదు. రాస్తాను," అన్నాను.

రిటైరైన వాడికి రాయడానికి ఏదో ఒక సాకు కావాలి. నాకు జెండా దొరికింది.

మర్యాదస్తులకు చెప్పుకోలేని పని

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నేను పశువైద్యం చదివి ఉద్యోగంలో చేరాక, చర్చి దగ్గర ఎవరైనా "మీవాడు ఏం డాక్టరు?" అని అడిగితే "గవర్నమెంటు డాక్టరు" అనేవాడు. అబద్ధం కాదు. ఇంకాస్త తరచి అడిగితే ఎండల గురించి మాట్లాడేవాడు. మా అమ్మ ఒకావిడతో "ఆడోళ్ల డాకటరు లాటిదేనమ్మా" అని చెప్పిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అదీ పూర్తిగా అబద్ధం కాదు.

నా ఉద్యోగంలో పెద్ద భాగం ఒకే ఒక ప్రశ్న అడుగుతూ గడిచింది: మీ ఆవు ఎదకు వచ్చిందా?

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆవు మూడు వారాలకోసారి ఎదకు వస్తుంది. అంటే చూడి కట్టడానికి సిద్ధమవుతుంది. అది ఒక పూటో, ఇంకాస్తో. ఆ పూట ఎవరైనా గమనించి మాకు కబురు చేస్తే వచ్చి కృత్రిమ గర్భధారణ సూది వేస్తాం. గమనించకపోతే మళ్లీ మూడు వారాలు. అలా నెలలు గడిస్తే దూడ ఉండదు. దూడ లేకపోతే పాలుండవు. కాలు విరిగిన ఆవు, కడుపుబ్బిన గేదె, పాము కాటు, ఇవన్నీ చూడటానికి భయంకరంగా ఉంటాయి, జనం పోగవుతారు, డాక్టరుకు పేరొస్తుంది. పాడి ఇళ్లను నిజంగా ముంచేది మాత్రం ఎవరూ చూడకుండా గడిచిపోయిన ఆ పూటే. దానికి జనం పోగవరు.

కొత్తగా చేరే పిల్లలు ఆపరేషన్ల గురించి కలలు కంటారు. కనండి. కానీ ఎక్కువ కాలం మీరు చేసేది మాత్రం ఇంటింటికీ వెళ్లి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగడం, ఇంటివాళ్లు ఇచ్చే మర్యాదైన జవాబును నమ్మకపోవడం.

సేన్‌దా

నా మొదటి పైఅధికారి సేన్‌దా. బెంగాలీలో దా అంటే అన్న. బురదంటే భయం. పశువైద్యుడికి అది చిన్న లోపం కాదు. పల్లె పనులన్నీ నాకు అప్పగించి, ఆయన ఆఫీసులో టీ తాగుతూ దేశ పరిస్థితిని పర్యవేక్షించేవాడు. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నంత కాలేజీలో నేర్చుకోలేదు. ఇది కాలేజీకి గౌరవమో కాదో నాకు తెలియదు.

చేరిన కొత్తలో ఒకాయన తన గేదె ఎదకు వచ్చిందని గట్టిగా చెబితే, వెళ్లి సూది వేసి వచ్చాను. ఆఫీసుకొచ్చి గొప్పగా చెప్పాను.

"ఎదలో ఉందని ఎలా తెలిసింది?" అన్నాడు సేన్‌దా.

"యజమాని చాలా కచ్చితంగా చెప్పాడు, దాదా."

"నువ్వు గేదెను చూశావా, యజమానిని చూశావా?"

"యజమానిని..."

"అయితే సూది ఆయనకే వేయాల్సింది," అని టీ గ్లాసు పక్కన పెట్టాడు.

గేదె చూడి కట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత ఆయన నేర్పింది ఇది. 'ఎదకు వచ్చిందా' అని అడగకు. ఆ ప్రశ్నకు తొందరలో ఉన్నవాడు 'అవును' అంటాడు, సిగ్గుపడేవాడు 'లేదు' అంటాడు. 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?' అని అడుగు. దానికి అబద్ధం చెప్పాలంటే ఆలోచించాలి. పొద్దున్నే అంత ఓపిక ఎవరికీ ఉండదు.

లిల్లీ మంచి పిల్ల

ఇప్పుడు జెండా ఉన్న ఇంటికి వద్దాం. ఇది నా ఉద్యోగం చివరి ఏళ్లలో జరిగింది.

ఆ ఇల్లు ఎస్తేరమ్మది. ఆమె భర్త రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి పోయాడు. పెన్షను బియ్యానికి సరిపోతుంది. మిగతా అన్నిటికీ లిల్లీ. లిల్లీ అంటే జెర్సీ సంకరజాతి ఆవు. పక్క గదిలో ఆమె మరిది ప్రకాశం ఉంటాడు. గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు, ఒంటరివాడు. గడ్డీ దాణా తెచ్చేది ఆయనే.

లిల్లీ ఈని చాలాకాలమైంది. పాలు గ్లాసుల లెక్కకు దిగాయి. మళ్లీ చూడి కట్టలేదు. ప్రకాశం బేపారికి, అంటే పశువులు కొనే దళారికి, కబురు పెట్టాడు. దుర్గాపూజల ముందు వచ్చి తోలుకుపోతానన్నాడు బేపారి. వట్టిపోయిన ఆవు బేపారి చేతికి వెళ్తే ఆ తర్వాత ఎక్కడికి వెళుతుందో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఎస్తేరమ్మ ఆసుపత్రికి నడిచి వచ్చింది. "ఎలాగైనా పూజల్లోగా నిలబెట్టండి బాబూ. నేదంటే మరిదిగారు దాన్ని పంపించేస్తాడు," అంది. ఎక్కడికో చెప్పలేదు. నేనూ అడగలేదు.

వెళ్లాను. సేన్‌దా పాఠం గుర్తు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాను.

"ఆవు ఉన్నట్టుండి అరుస్తుందా?"

జవాబు ప్రకాశం ఇచ్చాడు. "అరుస్తాదండి. అది ఇంజను హారనుకి జవాబిస్తాది. యార్డు పక్కన పెరిగినాది గదా."

"ఏదో ఒక పూట పాలు తగ్గుతాయా?"

"తగ్గుతాయి బాబూ," అంది ఎస్తేరమ్మ. "ఎదురింటావిడ గేటుకాడ నిలబడి సూసిన పూట."

"మేత తినకుండా అటూ ఇటూ తిరుగుతుందా?"

"వర్క్‌షాపు సైరనంటే దానికి బెదురు."

"వెనక తోక దగ్గర గుడ్డు తెల్లసొన లాగా తీగ ఏమైనా..."

ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఛీ ఛీ. మా లిల్లీకి అలాటి కబుర్లు నేవు బాబూ. మంచి పిల్ల. తవరే సూసుకోండి, ఎంత సుబ్బరంగా ఉందో."

శుభ్రంగానే ఉంది. నేను చూసిన పశువుల్లో ఎర్రసబ్బు వాసన వేసేది అదొక్కటే. నాకంటే బాగుంది.

చేయి పెట్టి లోపల పరీక్ష చేశాను. గర్భసంచి బాగుంది, అండాశయాలు పని చేస్తున్నాయి. అంటే ఆవు మూడు వారాలకోసారి ఎదకు వస్తూనే ఉంది. ఇంట్లో ప్రతి లక్షణానికీ ఒక మర్యాదైన కారణం సిద్ధంగా ఉంది, అంతే.

"ఆవుకి రోగం లేదు. ఎదకు వస్తోంది, మీకు కనబడటం లేదు," అన్నాను.

"అంటే మాకు కళ్లు నేవంటారేటి?" అన్నాడు ప్రకాశం.

ఎద తెప్పించే ఇంజెక్షన్ లేదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. ఉంది. వేశాను. వచ్చే ఉంటుంది. ఎవరూ చూడలేదు. ఆ మందు ఆవు చేత దాని పని చేయిస్తుంది. మన పని చేయించే మందు ఆసుపత్రి స్టాకులో లేదు.

బీరువా

ఆ రోజుల్లోనే హిజ్లీ ఇంజనీరింగు కాలేజీ క్యాంపస్ నుంచి ఇద్దరు విద్యార్థులు నా దగ్గరకొచ్చారు. ఆవు మెడకు కట్టే ఒక పట్టీ తయారు చేశారట. ఆవు కదలికలు మామూలు కంటే పెరిగితే ఫోనుకు కబురొస్తుంది. ప్రయత్నించడానికి ఆవు కావాలన్నారు. నాకు లిల్లీ గుర్తొచ్చింది.

సైకిళ్ల మీద వచ్చి ఎంతో మర్యాదగా పట్టీ కట్టి వెళ్లారు. ఎస్తేరమ్మ వాళ్లకు టీ, బిస్కెట్లు పెట్టింది. వారాలు గడిచాయి. ఫోనులో గీత రైలు పట్టాలా తిన్నగా ఉంది. ఒక ఎత్తు లేదు, ఒక పల్లం లేదు. "సర్, ఆవుకి ఆరోగ్యం బొత్తిగా బాగోలేదేమో, అసలు కదలడం లేదు," అన్నారు పిల్లలు, బాధగా.

వెళ్లి చూస్తే ఆవు హాయిగా నెమరేస్తోంది. మెడ ఖాళీగా ఉంది.

"పట్టీ ఏదమ్మా?"

"బీరువాలో పెట్టినాను బాబూ," అంది ఎస్తేరమ్మ. "కాలేజీ పిల్లల సామాను. ఎవుడైనా ఎత్తుకుపోతే మనకి మాటొస్తాది. ఆళ్లు సూడ్డానికి ఒచ్చిన రోజున కడదామని."

బైబిలు పక్కన, ఇస్త్రీ గుడ్డలో చుట్టి ఉంది. అన్ని వారాలూ ఆ యంత్రం బీరువాను గమనించి, బీరువా ఎదకు రావడం లేదని తేల్చింది. ఆ మేరకు చాలా కచ్చితమైన యంత్రం. నేను వెటకారానికి అనడం లేదు. ఇప్పుడు పెద్ద పెద్ద డెయిరీల్లో ఇలాంటి పట్టీలు బాగా పని చేస్తున్నాయి, వాడండి. ఫోనులో గీత చూసి మందు రాసేముందు మాత్రం, పట్టీ ఎవరి మెడలో ఉందో ఒకసారి వెళ్లి చూసి రండి.

ప్రకాశం ఇదంతా విని ఒకే మాటన్నాడు. "బేపారికి పట్టీ అక్కర్లేదండి. తాడు సాలు."

క్యాంపస్ కుక్క

అదే నెలలో హిజ్లీలో ఒక ప్రొఫెసరమ్మ తన లాబ్రడార్ కుక్కను చూడమంది. పిల్లలు పెట్టించాలని ఆమె కోరిక. ఈడు దాటుతున్నా కుక్క ఇంతవరకు ఎదకే రాలేదని ఆమె ఫిర్యాదు. ఆడకుక్క ఏడాదికి ఒకటి రెండు సార్లే ఎదకు వస్తుంది. వచ్చినప్పుడు రక్తం చుక్కలు కనబడతాయి. అలాంటిదేమీ తమ ఇంట్లో జరగలేదంది. ఇల్లు చూస్తే జరిగే ఇల్లులా లేదు. నేల మీద నా ముఖం కనబడింది.

సేన్‌దా ప్రశ్న అడిగాను. "ఈ మధ్య ఏమైనా మారిందా, దీదీ?"

"ఏమీ మారలేదు. ఒక్కటే, వీధికుక్కల బెడద. వారం నుంచి గేటు దగ్గర గుంపులుగా చేరి కదలడం లేదు. ఆరు నెలల క్రితమూ ఇంతే. సెక్యూరిటీకి రెండుసార్లు చెప్పాను."

గేటు దగ్గర ఉన్న ఆ పెద్దమనుషులకు తెలిసిన సంగతి ఇంట్లో వాళ్లకు తెలియలేదు. కొన్ని ఆడకుక్కలు మహా శుభ్రం. ఒక చుక్క నేల మీద పడనివ్వవు, ఎప్పటికప్పుడు నాక్కుంటాయి. మిగిలింది పనిమనిషి తుడిచేస్తుంది. పడుకునే చోట తెల్ల దుప్పటి పరవమన్నాను. మర్నాడే ఫోనొచ్చింది. ఆమె గొంతులో సంతోషం కంటే కుక్క తనకు చెప్పలేదన్న నొప్పి ఎక్కువ ఉంది.

ఆ ఇంటి నుంచి తిరిగొస్తూ ప్రేమ్ బజార్‌లో టీకి ఆగాను. గ్లాసు కడిగే వాడి చేతిలో సబ్బు చూశాను. అదే ఎర్రసబ్బు. టీ సగంలో వదిలేసి ట్రాఫిక్ వైపు స్కూటరు తిప్పాను.

తోక మీద ఒప్పందం

"అమ్మా, లిల్లీని ఎప్పుడు కడుగుతావు?"

"వెలుగు రాకముందే బాబూ. తలకాడినుంచి తోక దాకా. పాలకొచ్చినోళ్లు ముందు ఆవుని సూస్తారు, తర్వాత పాలు సూస్తారు. పాస్టరుగారింటికి ఎల్లే పాలు."

ఆవు ఎద ఎక్కువసార్లు తెల్లవారే ముందే బయటపడుతుంది. తీగ వేసేదీ అప్పుడే. అది తోకకు అంటుకుని ఎండి మెరుస్తుంది. మేం వెతికే సాక్ష్యం అదే. ఈవిడ వెలుగు రాకముందే చీకట్లో దాన్ని సబ్బుతో కడిగేస్తోంది. నెలల తరబడి. ఆవును ఎంత ప్రేమిస్తే అంత గట్టిగా రుద్దింది. రుద్దిన కొద్దీ ఆవు బేపారికి దగ్గరైంది.

"తోక ఒక్కటి వదిలేయమ్మా. ఎవరైనా చూసేదాకా కడక్కు."

"మురికి తోకతో ఉంచమంటారా? పాలకొచ్చినోళ్లు ఏటనుకుంటారు?"

"పొదుగు కడుగు, ఒళ్లు కడుగు. వెనక మాత్రం వెలుగొచ్చాక."

ఆమె లిల్లీ వైపు చూసింది. "ఇంత సుబ్బరంగా ఉంచినా బేపారి దాని తోక సూస్తాడా?" అంది.

"సూడడు," అన్నాడు ప్రకాశం వెనకనుంచి.

"అయితే ఒగ్గేస్తాను బాబూ."

గార్డుగారి డ్యూటీ

చూసేది ఎవరు? ఎస్తేరమ్మ చూడనంది. చూసినా ఆ మాట నోట్లోంచి రాదంది. మిగిలింది ప్రకాశం, అంటే ఆవును అమ్మేయాలన్న మనిషి. నేను ఆయన్నే పెట్టాను. నాకు ఆయన మనసు మారుతుందన్న నమ్మకమేమీ లేదు. గూడ్సు గార్డుగా పని చేసినవాడు, కదలని బండిలో కూర్చుని కదలని వస్తువును గంటల తరబడి చూడగలడని మాత్రం తెలుసు. మా వృత్తికి ఇంతకంటే అర్హత లేదు.

"డ్యూటీ ఏటో సరిగ్గా సెప్పండి," అన్నాడు ప్రకాశం, నిటారుగా నిలబడి.

చెప్పాను. తెల్లవారుజామున ఒకసారి, సందె వేళ ఒకసారి, స్టూలు వేసుకుని కూర్చోవాలి. ఫోను చూడకూడదు. ఆవు అరుపు, నిలకడలేనితనం, తీగ, వీటిలో ఏది కనబడినా నాకు కబురు చేయాలి.

"ఫోను సేస్తాను."

"ఫోను వద్దు!" లోపలినుంచి ఎస్తేరమ్మ. "మరిదిగారి గొంతు స్టేషను దాకా వినిపిస్తాది. ఆ మాట సందులో అందరూ వినాలేటి?"

అప్పుడు ప్రకాశం ట్రంకు పెట్టె తెరిచి రెండు జెండాలు తీశాడు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. నేను రోజూ ఆ సందు చివరి నుంచే ఆసుపత్రికి వెళ్తాను. ఏమైనా ఉంటే గేటుకు పచ్చజెండా. మాట అక్కర్లేదు, పరువు పోదు.

"ఇది బాగుంది," అంది ఎస్తేరమ్మ.

తర్వాత ఆ పచ్చజెండాకు అర్థం ఏమిటో ట్రాఫిక్ మొత్తానికి తెలిసిపోయింది. ఫోనులో చెప్పి ఉంటే నలుగురికి తెలిసేది.

బేపారి వచ్చిన రోజు

పూజలు దగ్గర పడ్డాయి. ఒక పొద్దున సందు చివర స్కూటరు నెమ్మది చేశాను. గేటుకు పచ్చజెండా ఎగురుతోంది.

ప్రకాశం స్టూలు మీంచి లేచి రిపోర్టు ఇచ్చాడు. "లోకల్ పోయినాది. గూడ్సు ఇంకా రానేదు. లైను మీద ఏ బండీ నేదు. అయినా అరిచినాది. నాను సెవులారా విన్నాను. మళ్లీ అరిచినాది." తర్వాతి మాట ఆయనకు కష్టంగా వచ్చింది. "ఇంజనుకి కాదండీ ఆ జవాబు."

తోక దగ్గరికి వెళ్లాను. కడగని తోక. అద్దంలా మెరిసే తీగ. ఇన్ని నెలల తర్వాత దాన్ని చూసి నాకు కలిగిన ఆనందం మర్యాదస్తులకు చెప్పుకునేది కాదు.

"సాయంత్రం వస్తాను," అన్నాను.

"సాయంత్రమేటి? తవరు ఇక్కడే ఉన్నారు గదా."

"పొద్దున కనబడితే సాయంత్రం వేయాలి. సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. అండం విడుదలయ్యేది ఆలస్యంగా. ముందే వేస్తే దండగ."

"అంటే బండి ఔటర్లో ఆగాల. ఠీక్ హై." ఆయన నేల చూపులు చూశాడు. "కానీ డాక్టరుగారూ, ఇయాల మద్దేన్నం బేపారి ఒస్తాడు. వారం కిందటే మాటిచ్చినాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"సూది వేస్తే నిలుస్తాదా?" అన్నాడు.

ఇక్కడ అబద్ధం చెప్పడం తేలిక. పిల్లలూ, చెప్పకండి. "నిలవొచ్చు, నిలవకపోవచ్చు. మొదటిసారే నిలిచేవి సగం అనుకోండి. ఇప్పుడైతే నేను హామీ ఇవ్వలేను."

ఆ రోజంతా నేను మేకలకు టీకాలు వేశాను. వేసిన మేకకే మళ్లీ వేయబోతే దాని యజమానురాలు ఆపింది.

సాయంత్రం వెళ్లేసరికి గేటు మీద రెండు జెండాలున్నాయి. పాకలో లిల్లీ ఉంది. జరిగింది ఎస్తేరమ్మ చెప్పింది, కొంగు నోటికి అడ్డం లేకుండా.

"మద్దేన్నం బండేసుకుని ఒచ్చినాడు బాబూ ఆ బేపారి. ఈయన గేటుకి అడ్డంగా ఎర్రజెండా పట్టుకుని నిలబడిపోయినాడు. 'ఏ కీ దాదా?' అని, ఇదేటని అడిగినాడు ఆడు. 'లైను క్లియరు నేదు' అన్నాడు ఈయన. 'కొబే హొబే?' అని, ఎప్పుడవుతాదని అడిగినాడు. 'కంట్రోలునుంచి కబురొస్తే సెప్తాను, బండి వెనక్కి తియ్యి' అన్నాడు. ఆడు ధర పెంచినాడు. ఈయన జెండా ఇంకా పైకెత్తినాడు. ఎండలో అలగే నిలబడ్డాడు, ఆ బండి సందు దాటిందాకా."

"మీరే కదండీ అమ్మేద్దామన్నది?" అన్నాను ప్రకాశంతో.

"అన్నాను. కాదంటానేటి? కానీ డ్యూటీలో ఉన్నాను గదండీ. నా సార్జిలో ఉన్న బండిని నడిమద్దిలో ఎవుడికో ఎలా అప్పసెప్తాను?"

సూది వేశాను. ఆ కాస్సేపూ ఎస్తేరమ్మ వంటింట్లోకి పోయి, నాలుగిళ్లకు వినబడేలా ఒక కీర్తన పాడింది. మొత్తం చరణాలు.

ఏమీ కనబడకపోవడం

తర్వాతి పని మరీ విచిత్రం. మూడు వారాలకు ఆవు మళ్లీ ఎదకు వస్తే సూది నిలవలేదని అర్థం. రాకపోతే ఆశ. కాబట్టి ప్రకాశం మళ్లీ తెల్లవారుజామున స్టూలు వేసుకున్నాడు. ఇన్ని నెలలూ ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కనబడకపోవడమే ఆపద. ఇప్పుడు ఏమీ కనబడకపోవడమే శుభవార్త. చూసేవాడి పని మాత్రం రెండింటికీ ఒకటే.

నేను రోజూ సందు చివర మెడ తిప్పి చూసేవాణ్ని. గేటు ఖాళీ. మర్నాడు ఖాళీ. జెండా లేని గేటును చూసి సంతోషించే ఉద్యోగం ప్రపంచంలో ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

రెండు నెలలు దాటాక వెళ్లి లోపల చేయి పెట్టి చూశాను. ప్రకాశం రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని నా ముఖం వైపే చూస్తున్నాడు. సిగ్నలు పడాల్సింది నా దగ్గర.

"చూడి," అన్నాను.

"దీనికి ఏ జెండా?"

"ఏదీ వద్దు. చుట్టి పెట్టేయండి."

ఆయన రెండింటినీ నలగకుండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు, డ్యూటీ దిగే గార్డులాగే. ఎస్తేరమ్మ టీ తెచ్చింది. పాస్టరుగారు వస్తే తీసే పువ్వుల గ్లాసులో. లిల్లీ పెయ్యను ఈనింది. దానికి రోజీ అని పేరు పెట్టారు.

ఇదే ఆ సాయంత్రం

సునీతకు రాసి పంపుతానన్నాను గాని, మొన్న ఆమె ఫోన్ చేసిన సాయంత్రం నేనూ ఆగలేకపోయాను. రిటైరైనవాడు వెళ్లకూడని చోట్లలో పాత పని చోటు మొదటిది. వెళ్లాను.

సునీత అప్పటికే సరంజామా దింపుతోంది. ప్రకాశం స్టూలు మీద ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, చూపు మందగించింది, పెత్తనం తగ్గలేదు. ఎస్తేరమ్మ గేటు దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వింది.

"ఏటి బాబూ, తవరు రిటైరయినారు గదా?"

"జెండా కట్టారని విన్నాను."

"కట్టినాను. నానే కట్టినాను. మరిదిగారికి కళ్లు ఆనటం నేదు. మా రోజీ ఎదకొచ్చినాది బాబూ!" గోడ మీంచి ఎదురింటావిడకు కూడా వినబడేంత గొంతుతో అంది. "జామునుంచి అరుస్తంది. మేత ముట్టనేదు. తీగేసింది, ఇంత పొడుగు. తోక కడక్కుండా ఒగ్గేసినాను, మీ డాకటరమ్మని ఒచ్చి సూసుకోమనండి."

సునీత చూసింది. పరీక్ష చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చేతులు కడుక్కుంటూ నా పక్కకొచ్చి, లోగొంతుకతో అంది.

"సర్, కాలేజీలో ఎదను కనిపెట్టడమే అన్నిటికంటే కష్టమన్నారు. ఇందులో కష్టమేముంది? ఆవిడే అంతా చెప్పేశారు కదా."

"ఏమీ లేదమ్మా," అన్నాను.